ముందుగాల పోయిందెవరు?

కరీంనగర్,
డిసెంబరు, 1996.

చిరంజీవి తమ్ముడు కొండల్‌రావుకు అక్క నిర్మల మనసార దీవించి రాసేది. ఇక్కడ మేమందరం బాగున్నమని మొదలు రాసుడు రివాజు గనుక రాస్తున్న. నువ్వు గూడ షార్జాల బాగున్ననని రాసినవు. ఇట్ల బాగున్నం బాగున్నమని ఒకరికొకరం రాసుకోవట్టి రెండేండ్లాయె. గీ ఒక్కసారికి అసలు సంగతులు రాసుకుందాం.

ఫోన్ చెయ్యక ఉత్తరమెందుకు అంటవేమో. ఫోన్ల నువ్వు చెప్తవు, నేను వింట. నేను నోరు తెరిచే యాల్లకు "అక్కా, బిల్లు పెరుగుతుంది, మళ్ళ మాట్లాడుత" అంటవు. గీ ముచ్చట అట్ల చెప్పేది గాదు. ఎవరు లేనప్పుడు కూసొని నిమ్మలంగ సదువు.

మరదలు రుక్మ నీకు ఉత్తరం రాస్తలేదని, నీ మొన్నటి ఉత్తరంల చిన్నది బడికి పోతుందా లేదా అని అడిగినవు. ఇద్దరికి పానం మంచిగున్నది, ఫికర్ పెట్టుకోకు. మిగిలింది కింద రాస్త. మన ఇంటి పెరట్ల కరివేపాకు చెట్టు మళ్ళ చిగురేసింది. అక్కడ కరివేపాకు దొరుకుతలేదని రాసినవు గదా, మనూరోళ్ళు ఎవరన్న వస్తే ఎండబెట్టి పంపిస్త.

ఇగ గ్రానైటు రాయి ఎందుకు ఆలస్యమైందని కోపం చేసినవు. "ఎదురుంగ రామేశ్వర్‌రావు యార్డుల మాలు దిగింది, మనది ఇంకా పోర్టు కాడనే పడున్నట్టుంది" అని రాసినవు. మన రాయి పోర్టు కాడ లేదు తమ్మీ. గుట్ట మీదనే ఉన్నది. కొమురెల్లి కాలు మీద పడ్డది.

మన సూపర్‌వైజర్ నీకు వానలని చెప్పిండట. వానలు నిజమే. మొన్నటి తుఫానుకు గుట్టంత బురదబురద అయ్యింది. అటుపక్క గుట్ట మీద రామేశ్వర్‌రావు మనుషులు వానల గూడ లారీలకు ఎత్తుతున్నరని ఎవరో నీ చెవుల ఏసిన్రు. నువ్వు సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి "వాళ్ళ లారీలకంటె ముందు మన లారీలు కదలాలె" అన్నవు. కొమురెల్లి మేస్త్రి వద్దన్నడట, నేల మెత్తగున్నది, రెండు దినాలు ఆగుదామన్నడట. ఆగలే. క్రేను ఒక దిక్కు కుంగింది, రాయి ఊగింది. మోకాలు కిందికి కాలు తీసేసిన్రు.

మీ బావ గుట్ట తీసుకున్ననాడు మొదటి డ్రిల్లు పెట్టింది కొమురెల్లే. అప్పుడు ఆ గుట్ట మీద మేకలు మేస్తుండె. నేను దవాఖానకు పోయిన. అనసూర్య, కొమురెల్లి పెండ్లాం, మంచం కాడ నేల మీద కూసున్నది. ఏడుస్తలేదు. నన్ను సూసి లేసి నిలబడి, "అమ్మా, గా షార్జా ఎంత దూరముంటది? అక్కడోళ్ళు గీ రాయి కోసం గంత పరేషాన్ అవుతున్నరా?" అని అడిగింది. ఎకసెక్కానికి అడగలే, నిజంగనే తెల్సుకుందామని అడిగింది. పోయినసారి పంపిన రాయి ఇంకా ఇసుకల పడున్నదని, కొనేటోడు లేక దుమ్ము పడుతున్నదని నువ్వే రాసినవు. ఆమెకు ఆ మాట చెప్పలే. "దూరమే ఉంటది అనసూర్యా" అని వచ్చిన.

ఇగ అంతకుముందటి ఉత్తరంల నువ్వు రాసిన అసలు మాట. రామేశ్వర్‌రావు మస్కట్‌ల గూడ యార్డు తెరుస్తుండని విన్నవు, నిజమో కాదో కనుక్కొమ్మన్నవు. నిజమైతె గుట్ట కాయితాల మీద, మీ బావ పొలం కాయితాల మీద నేను సంతకం పెట్టి పంపాలె, బ్యాంకుల అప్పు పుట్టాలంటె అయ్యే అడుగుతరు. "ఆయన పోయి మనం ఆగితె ఖతమే అక్కా" అని కింద గీత గీసి మరీ రాసినవు.

ఈ మాట నువ్వు మొదటిసారి అన్నది గాదు. రెండేండ్ల కింద ఎండకాలం యాది చేసుకో. రామేశ్వర్‌రావు నెలరోజులు ఊర్ల లేడు. వచ్చినంక షార్జా పోయిన, అక్కడి మార్కెట్ సూసొచ్చిన అని క్లబ్బుల చెప్పిండు. ఆనాడు పొద్దుమీకి నువ్వు మన ఇంటికొచ్చి చెప్పులు గూడ ఇడువకుంట అర్ర గుమ్మంల నిలబడ్డవు.

"అక్కా, రామేశ్వర్‌రావు షార్జా పోయొచ్చిండట."

"పోతె పోనియ్యి. మన రాయి కొననీకి మద్రాసోళ్ళు ఉండనే ఉన్నరు గదా" అన్న.

"ఆయన ఊకె పోతడా? ఏదో సూసిండు. ఆయన అక్కడ పాతుకపోయినంక మనం పోతె ఏం మిగులుతది? అక్కడ ఏమి లేకపోయినా ఫికర్ లేదు, ఇద్దరం మునుగుతం, ఇద్దరం సమానమే ఉంటం. ఆయనొక్కడు బాగుపడ్డడనుకో, ఇక్కడ గుట్టలన్ని ఆయనే కొంటడు. అప్పుడు మనమెక్కడ?"

నాకు ఆ మాట తెలివైన మాట లెక్కనే వినవడ్డది. మీ బావ ఉంటె ఏమంటుండెనో తెల్వదు. సంతకం పెట్టిన, నువ్వు పోయినవు. ఆ దసరకే రామేశ్వర్‌రావు నీ యార్డుకు ఎదురుంగ, రోడ్డవతల, యార్డు తెరిచిండు. నువ్వు సంబురంగ రాసినవు, "సూసినవా అక్కా, ఇక్కడ లాభం లేకుంటె ఆయనెందుకొస్తడు" అని. ఇక్కడ ఆయన గూడ అందరితోని గదే మాట అంటున్నడని అప్పట్ల నాకు తెల్వది. అటెన్క ఏమైందో నువ్వే రాసినవు. కొనే సేటు నీ రేటు ఆయనకు చెప్తడు, ఆయన రేటు నీకు చెప్తడు, ఇద్దరు దిగుకుంట దిగుకుంట పోతరు. మద్రాసోళ్ళు ఇద్దరి దిక్కు నుంచి మర్లిపోయి వేరే గుట్టలోళ్ళను సూసుకున్నరు.

నువ్వు కనుక్కొమ్మన్నవని కార్తీకంల మంథని పెండ్లికి పోయిన. జానకీబాయి వస్తదని నాకెరుకే, పెండ్లి ఆమె పుట్టింటోళ్ళది. రామేశ్వర్‌రావు భార్య అయినా జానకి నన్ను అక్కా అనే పిలుస్తది. మీ బావ, రామేశ్వర్‌రావు ఒక్క ఏడే గుట్టలు తీసుకున్నరు, అప్పుడు ఒకే జీపుల తిరిగేటోళ్ళు. మీ బావ పోయినంక, నువ్వు షార్జా పోయినంక, మేమిద్దరం ఎక్కడన్న కలిసినా "బాగున్నవా, బాగున్న" తోనే సరిపెట్టుకుంటున్నం.

బంతి భోజనాలైనంక ఇద్దరం గోదారి ఒడ్డుకు నడిసినం. నేను తిప్పితిప్పి అడుగుదామని తయారై పోయిన, కని జానకి మొఖం సూసినంక సూటిగనే అడిగిన.

"జానకీ, మీ ఆయన మస్కట్ పోతుండా?"

ఆమె నవ్వింది. "నిన్ను పంపిండా అక్కా, కొండల్‌రావు?"

"పంపిండు" అన్న.

"మా ఆయన గూడ నన్ను గిదే పని మీద పంపిండు. కొండల్‌రావు మస్కట్ పోతుండా, నిర్మలక్కను అడిగి రా అన్నడు. మస్కట్ మాట ఒకపారి అన్నడు, మళ్ళ ఆగిండు. కొండల్‌రావు ఏం చేస్తడో సూద్దామని సూస్తుండు."

ఇద్దరం నవ్వినం. నవ్వుకుంటనే నేనన్న, "మొదలు మీ ఆయన షార్జా పోకపోతె గీ తిప్పలే లేకుండె. మావోడు ఆయనను సూసే పోయిండు."

జానకి నవ్వు ఆగింది. "మా ఆయన ఆనాడు యాపారానికి పోలే అక్కా" అన్నది.

ఆమె చిన్నతమ్ముడు వాళ్ళ బాపుతోని కొట్లాడి చెప్పకుంట దుబాయి దిక్కు పోయిండని అప్పట్ల మనం గూడ విన్నం. పోయి, షార్జాల నీళ్ళ ట్యాంకర్ నడుపుతుండెనట. తాగి బండి నడిపి ఎవరికో తాకిచ్చిండు, జైల్ల ఏసిన్రు. దొరల ఇంటి పిలగాడు పరదేశంల డ్రైవర్ పని చేసి జైల్ల పడ్డడంటె వాళ్ళ బాపు తల ఎత్తుకోలేడని ఎవ్వరికి చెప్పలే. రామేశ్వర్‌రావు గప్‌చుప్‌గ పోయి ఇడిపించుకొచ్చిండు. నెలరోజులు ఏం చేసినవని నలుగురు అడిగితె మార్కెట్ సూసిన అన్నడు.

"మార్కెట్ గీర్కెట్ ఏం సూడలే అక్కా. జైలు గేటు కాడ ఎండల నిలబడుడే సరిపోయింది. కొన్ని దినాలకు మీ తమ్ముడు అక్కడ యార్డు తెరిచిండని తెలిసింది. మా ఆయనకు తిండి సైసలే. 'నేను నెలరోజులు ఉండి సూడనిది కొండల్‌రావు ఏం సూసిండు? వానికి పక్కా ఖబర్ లేకుంట పోడు' అన్నడు. మీ వెనుకనే పోయిండు."

తమ్మీ, ఇంకొక్కపారి సదువు. నువ్వు ఆయనను సూసి పోయినవు. ఆయన నిన్ను సూసి పోయిండు. అక్కడ యాపారమున్నదని ఎవ్వరు సూడలే. నాకు నవ్వొచ్చింది, అటెన్క కొమురెల్లి కాలు యాదికొచ్చి కండ్లల్ల నీళ్ళొచ్చినయి. జానకి ఎవ్వరికి చెప్పొద్దని నా చెయ్యి పట్టుకున్నది. నీకు చెప్పుడు ఆమెకు మోసమే. నువ్వన్న కండ్లు తెరుస్తవని చెప్తున్న. నీ నోట్లెకెళ్ళి బయటికి రానియ్యకు.

ఇప్పుడు నేను చేసిన పని చెప్త. కోపం తెచ్చుకుంటె తెచ్చుకో.

ఆమె మనసు ఇప్పి చెప్పినంక నేను దాసలేకపోయిన. నీ యార్డు సంగతంత చెప్పిన. మాలు కదుల్తలేదని, సేటు ఇద్దరిని ఆడిపిస్తున్నడని, నీకు నిద్ర పడుతలేదని, కొమురెల్లి కాలు పోయిందని. "మాది గూడ గదే అక్కా, అచ్చం గదే" అన్నది జానకి. మీ ఆయనకు చెప్పు, మా తమ్మునికి నేను రాస్త, ఇద్దరు ఒక్కపారే మర్లిరాండ్రి, ఎవ్వరు ఓడినట్టు గాదు, ఇక్కడ మద్రాసోళ్ళను మళ్ళ పిలుసుకుందాం అన్న. జానకి కండ్లు తుడుసుకొని సరే అన్నది. ఆనాడు మంథని బస్సుల పెద్దపల్లి దాక ఇద్దరం ఒక్క సీట్ల కూసొని వచ్చినం. చాన దినాలకు నా మనసు తేలికైంది.

రామేశ్వర్‌రావు నీ లెక్క అక్కడనే ఉండడు, వస్త పోత ఉంటడు గదా, వారం తిరగకముందే మన ఇంటికొచ్చిండు. మీ బావ దినాలకు వచ్చినోడు, మళ్ళ ఇప్పుడే గడప తొక్కుడు. మీ బావ ఫోటోకు దండం పెట్టిండు. చాయ్ ఇచ్చిన. తాగుకుంట నిమ్మలంగ అన్నడు.

"వదినె, మీ తమ్ముడు మస్తు హుషారు. మొగోళ్ళతోని చెప్పిస్తె నమ్మరని ఆడోళ్ళ నోట చెప్పిచ్చిండు."

నాకు మొదలు అర్థం గాలే. "ఏం చెప్పిచ్చిండు?"

"షార్జాల ఏం లేదు, మూసుకొని రాండ్రి అని. మేం మూసుకొని వస్తె రోడ్డుకు ఆయనొక్కడే మిగులుతడు."

"నా పెనిమిటి ఫోటో ముందట నిలబడి చెప్తున్న. అక్కడ మాకు ఏం కలిసిరాలే. మీకు గూడ రాలేదట గదా?"

"మాకు రాలే, నిజమే" అన్నడు. "మీకు గూడ రాకుంటె మీ తమ్ముడు రెండేండ్లు ఎందుకు కూసుంటడు వదినె?"

"మీరెందుకు కూసున్నరో గందుకే!"

ఆయన తల అడ్డం ఊపిండు. "మీరు అబద్ధమాడరు, గది నాకెరుకే. మీకు ఆయన అబద్ధం రాస్తుండు. మీరు నమ్మి నలుగురికి చెప్తె ఆయన పని అయితది."

మొదటిసారి మీరు ఎందుకు పోయిన్రో నాకెరుకే అని నోటి దాక వచ్చింది. ఆ ఒక్క మాట అంటె నమ్మేటోడేమో. కని జానకి ఇంట్ల ఏమైతదో, ముసలి తండ్రి చెవుల పడితె ఏమైతదో అనిపిచ్చి మింగిన. ఆయన చాయ్ కప్పు కింద పెట్టి లేసిండు. గుమ్మం కాడ మర్లి, "కొండల్‌రావు మమ్ముల షార్జా నుంచి గింత పట్టుబట్టి ఎల్లగొట్టాలని సూస్తుండంటె అక్కడ ఏదో ఉన్నట్టే. మస్కట్‌ల గూడ మేమే ముందుంటం" అన్నడు.

గందుకే నువ్వడిగిన దానికి జవాబు ఇది. రామేశ్వర్‌రావు మస్కట్ పోతుండు. పోవాల్నా వద్దా అని ఆగినోన్ని నేను నిజం చెప్పి పంపిన. అబద్ధం చెప్తె ఆగేటోడేమో, నాకు తెల్వది.

ఆయన పోతుండని తెల్సినంక ఇక్కడ ఏమేమైందో గూడ విను. మీ ఫైలు పక్కకు పెట్టిన అని పోయిన నెల మొఖం మీద చెప్పిన బ్యాంకు మేనేజరే మనింటికొచ్చిండు. "రామేశ్వర్‌రావుగారి కాయితాలు పైకి పంపినం మేడమ్, మీయి ఎప్పుడిస్తరు?" అని అడిగిండు. అక్కడ యాపారం సున్న అని చెప్పిన. "రెండు పెద్ద పార్టీలు పోతున్నయంటె మా పైవాళ్ళు గూడ కాదనరు" అన్నడు. గీ మాటతోని నాకు భయమైంది. మనకు వాళ్ళు, వాళ్ళకు మనం, బ్యాంకుకు ఇద్దరం. ఎవ్వరు రాయిని సూస్తలేరు, కొనేటోన్ని సూస్తలేరు.

మొన్న లింగమూర్తి గూడ వచ్చిండు. గాయిన నిరుడు చిన్న గుట్ట ఒకటి తీసుకున్నడు. షార్జాల యార్డు జాగ ఎక్కడ దొరుకుతది, నీ అడ్రసు ఇయ్యుమన్నడు. ఉన్నదున్నట్టు మొత్తం చెప్పిన. అంతా విని చిన్నగ నవ్వి, "మీరు వద్దంటున్నరంటె నేను పక్కా పోవాలె మేడమ్" అన్నడు. అడ్రసు ఇయ్యలే. సంపాదిస్తడు, ఎవరినన్న అడిగి.

ఇగ రుక్మ సంగతి. కింద రాస్తనన్న గదా.

నేను సంతకం పెట్టనని రుక్మకు చెప్పిన. రుక్మ నా దిక్కుంటదనుకున్న. మొగడు దూరముండి ఏడ్చేది ఆమెనే, చిన్నది నీ గొంతు మర్సిపోతుందని నాతోని చెప్పుకున్నది గూడ ఆమెనే. కని రామేశ్వర్‌రావు మస్కట్ పోతుండని వినంగనే మనిషి మారింది.

"సంతకం పెట్టు వదినె" అన్నది.

"నీ మొగడు ఇంకో రెండేండ్లు రాడు రుక్మా."

"రాకున్నా సరే. జానకీబాయోళ్ళు పోయి మనం పోకపోతె సుట్టాలల్ల ఎట్ల తిరగాలె? పెండ్లిల్లల్ల నన్ను ఎట్ల సూస్తరు? వాళ్ళు పడితె అందరు పడ్డరనుకుంటరు. మనమొక్కరమే ఆగితె, మనకు శాత గాలేదనుకుంటరు."

జానకి ఏం చెప్పిందో నేను రుక్మకు చెప్పలేను, మాట ఇచ్చిన. ఉత్తగ వద్దు అన్న. రుక్మ నా కాళ్ళు పట్టుకున్నది. లేవదీసిన. సంతకం పెట్టనన్న. అప్పుడు అన్నది, తమ్మీ, ఆ మాట నేను మరువలేను: "మా ఆయన నీ మొగనికంటె పెద్దోడు కావొద్దని నీకున్నది."

తెల్లారి చిన్నదాన్ని తీసుకొని నిర్మల్ పోయింది, వాళ్ళ అన్న ఇంటికి. చిన్నది అక్కడనే బడికి పోతుంది. వారానికోసారి ఎవరినో ఒకరిని పంపి బాగోగులు కనుక్కుంటున్న. బస్సు ఎక్కంగ చిన్నది నా కొంగు ఇడువలే, రుక్మ ఇడిపిచ్చింది. గందుకే నీకు ఉత్తరం రాస్తలేదు. నా మీద కోపం, నీ మీద గాదు.

నేనేం చేసిననో అది గూడ రాస్త, నీకు ఎవరో చెప్పకముందే. గుట్ట మీద రాయి తీసుడు, లారీలకు ఎత్తుడు బందు పెట్టించిన. గుట్ట నా పేరు మీద ఉన్నది గనుక నా మాట చెల్లింది. తీసి ఉన్న రాయిని మద్రాసోళ్ళకు తక్కువకే ఇస్తనని కబురు పంపిన, వస్తమన్నరు. రానియ్యి, రాకపోనియ్యి. కొమురెల్లికి నయమైనంక గుట్ట కాడ కాపలాకు కూసోబెడుత, జీతం ఎప్పటి జీతమే. అనసూర్యకు ఆ మాట చెప్పిన. ఆమె దండం పెట్టలే. ఎందుకు పెడుతది?

నువ్వు యార్డు మూసుకొని వస్తవా, ఆ దినాన నేనే హైదరాబాదు ఎయిర్‌పోర్టుకు వస్త. రుక్మ కాళ్ళు నేనే పట్టుకొని నిర్మల్ నుంచి తోలుకొస్త. ఓడి వచ్చినవని ఎవడన్న అంటె నాతోని మాట్లాడుమను. ఒకవేళ మస్కటే పోవాలనుకుంటె పో. నీ పేరు మీద పో, నీ సంతకంతోని పో. మీ బావ గుట్ట మాత్రం నీ వెంట రాదు.

నాకు ఒక్కటే భయం తమ్మీ. గీ ఉత్తరం సదివి నువ్వు గూడ నమ్మవేమో. రామేశ్వర్‌రావు ఇంటికొచ్చి చాయ్ తాగిండట, జానకితోని ఒక్క సీట్ల కూసున్నదట, అక్కను వాళ్ళు తమ దిక్కు తిప్పుకున్నరు, నన్ను అక్కడికెళ్ళి పీకనీకి గీ కథంత రాయిచ్చిన్రు అనుకుంటవేమో. ఆయన ఎట్ల ఆలోచిస్తడో రెండేండ్ల సంది నువ్వు గూడ అట్లనే ఆలోచిస్తున్నవు. నా రాత నీకు గుర్తే, నా మనసు నీకు గుర్తు లేకుంటె నేనేం చెయ్యను?

అనుకుంటె అనుకో. సంతకం రాదు.

ఇట్లు,
నిన్ను సంకనెత్తుకొని పెంచిన నీ అక్క,
నిర్మలాదేవి